చిప్పమీఁది చిల్లు చెప్పు సాక్ష్యము



సముద్రపుటొడ్డున దొరకు ఆల్చిప్పలలోను నత్తగుల్లలలోను కొన్నింటికి గుండ్రని చిల్లుండును. పిల్లలు వానిని దారమునఁ గ్రుచ్చి హారములు చేసికొందురు. ఇసుక యొరపిడిచేత నా చిల్లు పడినదని యనేకుల తలఁపు. ఒరపిడిచేతఁ బడు చిల్లులును గలవు. కాని వాని యంచు వంకరటింకరగ నుండును. బరమాతోఁ దొలిచినట్లు గుండ్రమై, నున్నని యంచుగల చిల్లు మాత్రము ప్రాణి చేసిన పని. దానిని జూచి ఆ చిప్పలోని జీవి యెట్లు చచ్చినదో తెలిసికొనవచ్చును.

ఇట్లు తొలుచువానిలో ముఖ్యమైనవి రెండు కుటుంబముల నత్తలు. మొదటివి నాటిసిడ్ నత్తలు. ఇవి ఇసుకలో దూఱి తిరుగుచు, ఆల్చిప్ప దొరకినంతనే దానిని తమ వెడల్పైన పాదముతోఁ జుట్టిపట్టును. వీని నోట ఆకురాయివలె సన్నని పండ్ల వరుసలుగల నాలుక యున్నది. దానికిఁ దోడు మెత్తని యవయవ మొకటి ఆమ్లమును స్రవించి చిప్పలోని సున్నమును మెత్తఁబఱచును. అంతట నాలుక గీఁకును. మరల ఆమ్లము, మరల గీఁకుట. చిప్ప మందమునుబట్టి యీ పని కొన్ని గంటలు మొదలు కొన్ని దినములవఱకు సాగును. చిల్లు పూర్తియైన పిమ్మట నత్త తన తొండమును లోనికిఁ జొనిపి మాంసమును తినివేయును. ఈ చిల్లు పైని వెడల్పై, లోపల సన్నగిలి, గరాటువలె నుండును. రెండవవి మ్యూరిసిడ్ నత్తలు. వీని చిల్లు గోడలు సాధారణముగ నిటారుగ నుండును. 1981లో రిచర్డ్ బ్రోమ్లీ యను శాస్త్రజ్ఞుఁడు శిలాజములందలి యీ రెండు రూపములకును వేర్వేఱు నామము లిడెను.

చిల్లు సగములో నాగిపోయి లోపలివైపునకు రాకున్నచో, ఆ వేఁట ఫలింపలేదని యెఱుఁగవలెను.

చిప్పయంతట సూదిపోట్లవంటి సన్నని రంధ్రములు పెక్కులున్నచో నది వేఱొకరి పని. క్లయోనా యను స్పంజిక మాంసమునకుఁ గాక నివాసమునకై చిప్పను తొలుచును. పైకి చిన్న రంధ్రములే కనఁబడినను, లోపల గదులకు గదులు ఏర్పడి, చిప్ప చెదలు తినిన దూలమువలె డొల్లయగును. బ్రదికియున్న ఆల్చిప్ప తన లోపలిగోడకుఁ గ్రొత్త పొరలు పూసికొని ప్రాణమును కాపాడుకొనఁజూచును. ఎదుగుటకు వలసిన బలము అందులకే వ్యయమగును. ఆల్చిప్పలు పెంచువారికి దీనివలన నష్టము కలుగుచున్నది. ఇట్లు తొలువఁబడిన శంఖము మేలైన గాజులు కోయుటకుఁ బనికిరాదు. ఆ రంధ్రములు మాంసమున్న లోపలివైపునుండియే మొదలైయున్నచో, స్పంజిక ప్రవేశించునప్పటికే చిప్ప యజమాని మరణించి చిప్ప తెఱవఁబడియున్నదని నిశ్చయింపవచ్చును.

ఇంతటి సాక్ష్యము శిలాజములందును నిలిచియున్నది. రాజమహేంద్రవరమునకుఁ జేరువ, దక్కను లావాశిలల యడుగుననున్న పొరలో, మరచుట్లవంటి పొడవైన నత్తగుల్లలు దొరకును. అవి యించుమించు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాఁటివి. వానిలోఁ బెక్కింటికి నాటిసిడ్ నత్తలు తొలిచిన చిల్లులున్నవని 2013లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన తెలిపెను. అనఁగా ఆ నాఁడు అచ్చట సముద్రముండెను. ఆ సముద్రగర్భమున నేఁటివంటి వేఁటయే నడచుచుండెను. ఆ పిమ్మట రాక్షసిబల్లులు నశించినవి, సముద్రము తొలఁగినది. నత్త పనితనము మాత్రము మాఱలేదు.

శిలాజము సాధారణముగ ఒక జీవి బ్రదికియుండెనని మాత్రమే చెప్పును. ఎట్లు చచ్చెనో చెప్పుట అరుదు. చంపినదాని మాంసము క్రుళ్లిపోవును, చచ్చినదాని మాంసము క్రుళ్లిపోవును; నడుమ నీ చిల్లొక్కటియే మిగులును. కావున ఇఁకమీఁదట చిల్లుపడిన చిప్ప చేతికి వచ్చినప్పుడు మూఁడు సంగతులు చూడుఁడు: చిల్లు వెలుపలినుండి పడినదా, లోపలినుండియా, ఒక్కటియా, పెక్కులా, పూర్తియైనదా, సగములో నాగినదా. ఆ మూఁటికిని వచ్చిన యుత్తరములే ఆ మూగజీవి వాఙ్మూలము.