సేలంలో నిర్దోషికి దారి లేదు

1692 జూన్ నెలాఖరున, అప్పటికి ఇంగ్లండ్ వలస రాజ్యంగా ఉన్న మసాచుసెట్స్‌లోని సేలం పట్టణంలో రెబెకా నర్స్ అనే 71 ఏళ్ల వృద్ధురాలు మంత్రగత్తె అన్న అభియోగంతో కోర్టులో నిలబడింది. ఆమె భక్తికీ నడవడికీ పూచీ పడుతూ 39 మంది ఇరుగుపొరుగువారు సంతకాలు చేసి ఇచ్చారు. జ్యూరీ అన్నీ విని ఆమె నిర్దోషి అని తేల్చింది. ఆ మాట చెవిన పడగానే, ఆమె తమను పీడిస్తోందంటున్న ఆడపిల్లలు కోర్టులోనే కేకలు పెడుతూ గిలగిలా కొట్టుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ ఆ తీర్పును అక్కడితో ముగియనివ్వలేదు. విచారణలో ఆమె నోటివెంట వచ్చిన ఒక మాటను జ్యూరీకి గుర్తుచేశాడు. నేరం ఒప్పుకున్న మరో మహిళను సాక్ష్యానికి తీసుకొచ్చినప్పుడు, ఈవిడ మాలో మనిషే కదా అని రెబెకా అంది. తనతో పాటు జైల్లో ఉన్న ఖైదీ అని ఆమె ఉద్దేశం. తోటి మంత్రగత్తె అని ఒప్పుకున్నట్టేనా అని న్యాయమూర్తి సందేహం. దాని అర్థమేమిటని జ్యూరీ సభ్యుడొకరు ఆమెనే అడిగారు. వయసు మీద పడి చెవులు సరిగా వినపడక, దుఃఖంలో మునిగి ఉన్న ఆ ముసలమ్మ బదులు పలకలేదు. ఆ మౌనాన్నే నేరంగా లెక్కగట్టి జ్యూరీ తన తీర్పు మార్చుకుంది. గవర్నర్ ఒకసారి శిక్ష నిలిపి, ఒత్తిడి రాగానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. జులై 19న మరో నలుగురు మహిళలతో పాటు రెబెకాను ఉరి తీశారు.

సేలం విచారణలను లోకం సాధారణంగా మూఢనమ్మకం కథగా చెప్పుకుంటుంది. చదువు, విజ్ఞానం లేని కాలం, దయ్యాలను నమ్మిన జనం, అందుకే అమాయకులు బలయ్యారన్నది ఆ కథ సారాంశం. వినడానికి సుఖంగానే ఉంటుంది, ఎందుకంటే అది మనల్ని ఆ ఊరికి చాలా దూరంగా నిలబెడుతుంది. రికార్డులు మాత్రం ఇంకో సంగతి చెబుతాయి. మంత్రగత్తెల మీద నమ్మకం సేలంకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. ఆ ఒక్క వేసవిలో మారింది రుజువు. ఏది సాక్ష్యం, ఏది కాదు అన్న పాత కట్టుబాటును న్యాయమూర్తులు తమ చేతులతోనే తెంచేశారు. 19 మందిని ఉరికంబం ఎక్కించింది ఆ తెంపరితనమే. వీరిలో 14 మంది స్త్రీలు, ఐదుగురు పురుషులు. వీరిని సజీవంగా తగలబెట్టారని చాలామంది అనుకుంటారు గానీ, ఇంగ్లిష్ చట్టం ప్రకారం మంత్రగత్తెలకు శిక్ష ఉరే.

ఆ ఊరి పరిస్థితి కొంత తెలిస్తే తప్ప ఇది అర్థం కాదు. సేలం విలేజ్ అంటే పట్టణానికి అనుబంధంగా ఉన్న వ్యవసాయ గ్రామం, నేటి డాన్వర్స్. అక్కడివాళ్లు ప్యూరిటన్లు, బైబిల్ మాటే చట్టంగా బతకాలని పట్టుబట్టే కఠిన క్రైస్తవులు. ఊళ్లో పట్నం అనే ఇంటిపేరున్న కుటుంబానికీ దాని ప్రత్యర్థులకూ మధ్య భూముల గురించీ చర్చి గురించీ ఏళ్ల తరబడి తగాదాలున్నాయి. పాస్టర్ శామ్యూల్ పారిస్ జీతం దగ్గరా, ఆయనకు వంటచెరకు సరఫరా దగ్గరా గొడవలే. ఉత్తర సరిహద్దులో ఫ్రెంచివారితో, వారి పక్షాన ఉన్న ఆదివాసీ తెగలతో యుద్ధం సాగుతోంది. అక్కడ సర్వస్వం కోల్పోయి పారిపోయి వచ్చినవాళ్లు సేలం చుట్టుపక్కల తలదాచుకున్నారు. పైగా కాలనీకి రాజు ఇచ్చిన అధికార పత్రం 1684లో రద్దయి, కొత్తది ఇంకా చేతికి రాలేదు. భయం, పగ, పాలన లేమి ఒక్కచోట కూడిన ఆ శీతాకాలంలో, 1692 జనవరిలో, పాస్టర్ ఇంట్లోనే ఆయన తొమ్మిదేళ్ల కూతురు బెట్టీకి, బంధువుల పిల్ల అబిగెయిల్‌కు వింత మూర్ఛలు మొదలయ్యాయి. ఇది దుష్టశక్తి పని అని వైద్యుడు తేల్చేశాడు. ఫిబ్రవరి 29న ముగ్గురి మీద వారెంట్లు వెలువడ్డాయి. ఒకరు పారిస్ ఇంటి బానిస టిట్యుబా, ఇంకొకరు బిచ్చమెత్తుకు బతికే సారా గుడ్, మూడో ఆమె చర్చికి రావడం మానేసిన సారా ఆస్బోర్న్. ఎవరి తరఫున ఎవరూ నోరు విప్పరో వాళ్లనే ముందు ఎంచుకున్నారు.

ఇక సాక్ష్యం సంగతి చూడండి. ఫలానా మనిషి రూపం నా దగ్గరికొచ్చి గిల్లింది, గొంతు నులిమింది అని పిల్ల చెబుతుంది. ఆ రూపం ఆ పిల్లకు తప్ప గదిలో ఇంకెవరికీ కనబడదు. ఆ సమయంలో నిందితురాలు మైళ్ల దూరంలో తన ఇంట్లో నిద్రపోతూ ఉండవచ్చు, అదీ అడ్డు కాదు, ఎందుకంటే వచ్చింది ఆమె కాదు, ఆమె రూపం. నేనక్కడ లేను అని ఏ నేరంలోనైనా చెప్పుకోగల ఆఖరి మాట కూడా ఇక్కడ చెల్లదు. కోర్టులో జరిగిన ప్రదర్శన దీనికి తోడైంది. మార్తా కోరీ అనే నిందితురాలు పెదవి కొరుక్కుంటే తమను కొరికిందని పిల్లలు పంటిగాట్లు చూపించారు. రెబెకా నర్స్ మెడ పక్కకు వాల్చితే ఒక పిల్ల మెడ కూడా అటే వాలింది. మేజిస్ట్రేట్ జాన్ హాథోర్న్ అడిగిన ప్రశ్నలు చదివితే, ఈ పిల్లల్ని ఎందుకు బాధపెడుతున్నావన్నదే తరచూ కనిపించే ప్రశ్న. బాధపెట్టావా లేదా అన్నది ఆయన దృష్టిలో అప్పటికే తేలిపోయిన విషయం. తర్వాత కొన్నేళ్లకు బోస్టన్ వర్తకుడు రాబర్ట్ కేలెఫ్ రాసిపెట్టిన ఒక ఘటన చూస్తే కోర్టు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. సారా గుడ్ విచారణలో ఒక పిల్ల, ఆమె రూపం తనను కత్తితో పొడిచిందంటూ విరిగిన కత్తిముక్క చూపించింది. అక్కడే ఉన్న ఒక యువకుడు లేచి, నిన్న నా కత్తి విరిగితే ఈ పిల్ల ముందే ఆ ముక్క పారేశానని పిడి తీసి చూపించాడు. రెండూ సరిగ్గా అతికాయి. న్యాయమూర్తులు ఆ పిల్లను అబద్ధాలు చెప్పవద్దని మందలించి, ఆమె సాక్ష్యాన్ని యథాప్రకారం తీసుకుంటూ పోయారు. సారా గుడ్‌ను రెబెకాతో పాటే ఉరి తీశారు. నాలుగైదేళ్ల ఆమె కూతురిని కూడా మంత్రగత్తెగా సంకెళ్లు వేసి నెలల తరబడి జైల్లో ఉంచారు. సారా గుడ్ చంటిబిడ్డ జైల్లోనే చనిపోయింది.

ఒప్పుకోలు ఇంకో ఉచ్చు. నేరం ఒప్పుకుని, ఇతరుల పేర్లు చెప్పినవారిని కోర్టు ప్రాణాలతో ఉంచింది. ఒప్పుకోనన్నవారిని ఉరి తీసింది. ఒప్పుకోలు మీద నిలబడిన ఒక్కరికీ ఉరి పడలేదు. ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకున్న శామ్యూల్ వార్డ్‌వెల్‌ను మాత్రం సెప్టెంబర్‌లో ఉరి తీశారు. దేవుడి ముందు అబద్ధమాడి బతకాలి, లేదా నిజం చెప్పి చావాలి. నిజాయతీపరులే చచ్చేలా ఏర్పాటైన విచారణ అది. 80 దాటిన రైతు జైల్స్ కోరీ అసలు విచారణకే ఒప్పుకోకుండా నోరు మూసుకున్నాడు. నోరు తెరిపించడానికి ఆయన మీద బరువైన రాళ్లు పేర్చారు. వాటి కిందే సెప్టెంబర్ 19న ప్రాణం విడిచాడు. ఒప్పుకోళ్లలో వచ్చిన కొత్త పేర్లతో వారెంట్లు, ఆ వారెంట్లతో మరిన్ని ఒప్పుకోళ్లు పుట్టాయి. అలా నిందితుల సంఖ్య 150 దాటింది. ఇంతమంది ఒప్పుకున్నారంటే ఏదో ఉండే ఉంటుందని ఆనాడు వాదించినవాళ్లున్నారు. ఒప్పుకోవడమే బతకడానికి ఏకైక మార్గమైన చోట ఎంతమంది ఒప్పుకున్నా అది దేనికీ రుజువు కాదు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. ఆ కాలం మనుషులు అలాగే ఆలోచించేవారు, 300 ఏళ్ల తర్వాతి కొలబద్దతో వాళ్లను తూచడం అన్యాయం కదా అంటారు. అయితే నేటి కొలబద్ద అక్కర్లేదు, వాళ్లదే చాలు. మొదటి ఉరి జూన్ 10న బ్రిడ్జెట్ బిషప్‌కు పడింది. న్యాయమూర్తుల్లో ఒకడైన నథానియెల్ సాల్టన్‌స్టాల్ ఆ నెలలోనే ఈ పద్ధతి నచ్చక కోర్టు నుంచి తప్పుకున్నాడు. అదే నెల 15న బోస్టన్ పరిసరాల పాస్టర్లు గవర్నర్‌కు రాసిన లేఖలో, సైతాను నిర్దోషి రూపంలో కూడా కనబడగలడు గనుక అలాంటి సాక్ష్యం మీద ఆధారపడవద్దని హెచ్చరించారు. వారు సైతానును నమ్మినవారే. ఆ నమ్మకంలోంచే కోర్టు తప్పును పట్టుకున్నారు. అయితే అదే లేఖలో నేరస్థుల మీద విచారణ చురుగ్గా సాగాలని కూడా రాశారు. కోర్టు తనకు నచ్చిన సగాన్నే విన్నది. అందరికంటే సూటిగా మాట్లాడింది రెబెకా చెల్లెలు మేరీ ఈస్టీ. మరణశిక్ష పడ్డాక ఆమె న్యాయమూర్తులకు పెట్టుకున్న అర్జీలో తన ప్రాణం కోసం వేడుకోలేదు. ఇకనైనా నిర్దోషుల రక్తం చిందకూడదని కోరింది. ఫిర్యాదు చేస్తున్న పిల్లల్ని విడివిడిగా ఉంచి ప్రశ్నించమంది. సాక్షులు ఒకరినొకరు చూసి చెప్పకుండా విడదీయాలన్న ఈ చిన్న ఉపాయం జైల్లో ఉన్న రైతు భార్యకు తట్టింది. పీఠం మీది వాళ్లకు తట్టలేదంటే అది కాలం తప్పు కాదు. సెప్టెంబర్ 22న మరో ఏడుగురితో పాటు ఆమెనూ ఉరి తీశారు.

నా వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం ఆ తర్వాతి నాలుగు నెలల్లో దొరుకుతుంది. అక్టోబర్ మొదట్లో పేరున్న పాస్టర్ ఇంక్రీజ్ మాథర్, అనుమానితులు పదిమంది తప్పించుకున్నా ఫర్వాలేదు గానీ ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని వాదించాడు. బోస్టన్ వర్తకుడు థామస్ బ్రాటిల్ కోర్టు తీరును ఎండగడుతూ సుదీర్ఘ లేఖ రాశాడు. నెలాఖరున గవర్నర్ విలియం ఫిప్స్ ఈ విచారణల కోసం ఏర్పాటైన ప్రత్యేక కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చుంది. ప్రధాన న్యాయమూర్తి అదే స్టౌటన్. జనమూ వాళ్లే, చట్టమూ అదే, సైతాను మీద నమ్మకమూ అదే. ప్రధానంగా మారింది ఒక్కటే, రూపం కనబడిందన్న మాటను ఇక రుజువుగా తీసుకోలేదు. వేసవిలో జ్యూరీ ముందు నిలబెట్టిన ప్రతి ఒక్కరినీ దోషిగా తేల్చిన చోట, ఇప్పుడు కోర్టు ముందుకొచ్చిన 50 మందికి పైగా నిందితుల్లో ముగ్గురే దోషులుగా తేలారు. ఆ ముగ్గురికీ గవర్నర్ ఉరి తప్పించాడు. అందుకు కోపగించుకుని స్టౌటన్ పీఠం దిగి వెళ్లిపోయాడు. మిగతావన్నీ దాదాపు అలాగే ఉంచి సాక్ష్య నియమం ఒక్కటి మార్చినప్పుడు ఉరికంబం ఖాళీ అయిందంటే, ఉరి తాడు ఎవరి చేతిలో ఉండిందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఆ పిల్లల గురించి. వాళ్లు అబద్ధమాడారని కొందరు, జబ్బు పడ్డారని ఇంకొందరు అంటారు. రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజు వల్ల భ్రమలు కలిగి ఉండవచ్చని 1976లో లిండా కాపొరేల్ ప్రతిపాదించింది. ఆ లక్షణాలు ఇక్కడ సరిపోవని అదే ఏడాది ఇతర పరిశోధకులు కాదన్నారు. ఇందులో ఏది నిజమైనా నా ప్రశ్నకు అది జవాబు కాదు. మూర్ఛ వచ్చిన పిల్ల వారెంటు రాయలేదు. ఫిర్యాదుల మీద సంతకాలు చేసింది, వాంగ్మూలాలు రాసుకున్నది, శిక్షలు వేసింది పెద్దలు. నిందితులకు వకీలు లేడు. పిల్లల బాధ నిజమే అయి ఉండవచ్చు, కానీ ఒకరి బాధ నిజమైనంత మాత్రాన దానికి కారకులెవరో వాళ్లు చెప్పింది నిజమైపోదు. ఈ రెంటికీ మధ్య దూరాన్ని కొలవడానికే కోర్టు ఉంటుంది.

చివరికి తప్పు దిద్దుకున్నారు కదా, వ్యవస్థ పనిచేసినట్టే కదా అనేవాళ్లూ ఉన్నారు. పశ్చాత్తాపపడినవారు నిజంగానే ఉన్నారు. 1697 జనవరిలో న్యాయమూర్తి శామ్యూల్ సీవాల్ బోస్టన్ చర్చిలో అందరి ముందు లేచి నిలబడగా, తప్పు తనదేనని ఆయన రాసిన మాటల్ని పాస్టర్ చదివి వినిపించాడు. 12 మంది జ్యూరీ సభ్యులు క్షమాపణ రాసిచ్చారు. ముఖ్య సాక్షుల్లో ఒకరైన ఆన్ పట్నం 1706లో ఊరి చర్చిలో తప్పు ఒప్పుకుంది. 1711లో కాలనీ ప్రభుత్వం కొందరి శిక్షలు రద్దు చేసి, 578 పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. వీటిని తక్కువ చేయకూడదు. కానీ స్టౌటన్ ఏనాడూ క్షమాపణ చెప్పలేదు. విడుదలైనవాళ్లు కూడా జైలు ఖర్చు చెల్లిస్తేనే బయటికి రాగలిగారు. 1693లో దోషిగా తేలిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది మచ్చను మసాచుసెట్స్ చట్టసభ తుడిచేసరికి 2022 వచ్చింది. తెగిన ప్రాణాన్ని ఏ చట్టసభా తిరిగి అతికించలేదు. అందుకే దిద్దుబాటు ఉరికి ముందే జరిగేలా చూసే నియమాలు కావాలి.

తెలుగు పాఠకులకు ఇది పరాయి దేశపు పాత కథ కాదు. చేతబడి, బాణామతి చేశారన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నమోదయ్యాయి. దేశంలో హత్యలకు కారణాల జాబితాలో మంత్రవిద్యను జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇప్పటికీ విడిగా లెక్కిస్తోంది. ఇక్కడ కోర్టు ఆ నేరాన్ని శిక్షిస్తుంది, సేలంలో కోర్టే ఆ నేరం చేసింది. ఈ తేడా చిన్నది కాదు. అయినా ఊళ్లో నింద పుట్టే తీరు ఒకటే. ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరికో కల వస్తుంది, భూతవైద్యుడు ఒక ఇంటివైపు చూపిస్తాడు. ఆ ఇల్లు తరచూ దిక్కులేని ఆడమనిషిదో, పొలం తగాదాలో ఉన్నవాళ్లదో అవుతుంది. దయ్యాలు లేవని నచ్చజెప్పే పని అవసరమే, దానికి తరాలు పడుతుంది. అంతవరకు ప్రాణాలు ఆగవు. ఈలోగా నమ్మేవాళ్లను కూడా అడగదగిన ప్రశ్నలు రెండున్నాయి. నువ్వు చెప్పేది నువ్వు కాక ఇంకొకరు సరిచూడగలరా? ఆ మనిషి నిర్దోషి అయితే, ఆ సంగతి రుజువు చేసుకునే దారి నువ్వు ఆమెకు ఉంచావా? దయ్యాల మీద నమ్మకం వదులుకోని 1693 నాటి కోర్టు ఈ జాగ్రత్త తీసుకున్న వెంటనే ఉరులు ఆగాయి. ఆ పని చేయడానికి ఏ ఊరి పెద్దలూ, ఏ పోలీసు స్టేషనూ తరం మారేదాకా కాచుకోనక్కర్లేదు.