కొట్టి సూడండమ్మా!

ఎండలు ముదిరాయంటే గోపాలపట్నం నుంచి సింహాచలం వెళ్లే రోడ్డు వారన కుండలు బారులు తీరతాయి. కూజాలు, కుళాయి కుండలు, మూకుళ్లు, ప్రమిదలు. మొన్న నేనో కుండని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అమ్మే పెద్దాయన అన్నాడు: "కొట్టి సూడండమ్మా. బాగుందో నేదో కుండే సెప్తాది."

వేలి మెటికతో కొట్టాను. ఖంగుమంది. పక్కది కొడితే బొంగురుగా పలికింది. "బీటుందమ్మా, కంటికానదు" అంటూ దాన్ని తీసి వెనక పెట్టేశాడు.

కుండ అనగానే మనకు కుమ్మరి సారె గుర్తొస్తుంది. కానీ సారె మీద తేలేది సగం కుండే. మూతి, మెడ, భుజం తీర్చి, అడుగు లేకుండానే దారంతో కోసి దించుతారు. కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తారు. మట్టి సాగేది, పలచబడేది, గట్టిపడేది ఆ దెబ్బలకే. ఒకచోట మందం, ఒకచోట పలచన అయితే ఆవంలో కాల్చేటప్పుడు పగిలిపోతుంది. మందమెంతో రాయి పట్టిన అరచేతికే తెలియాలి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. నడుములకు అది పెద్ద ఊరట. తట్టడం మాత్రం ఇంకా చేతి పనే.

కుండ గోడల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మన విశాఖ గాలిలో తేమెక్కువ, ఆ ఆవిరి తొందరగా పోదు. అనంతపురంలో చల్లబడినంతగా ఇక్కడ నీళ్లు చల్లబడవు. అందుకే మా అమ్మ కుండని తడి ఇసుక మీద, గాలి తగిలే గుమ్మం పక్కన పెట్టేది. నిగనిగలాడే రంగు కుండలు కొనకండి. ఆ రంగు చెమట దారుల్ని మూసేస్తుంది.

మన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. కానీ ఇక్కడ మట్టి కాల్చడం దానికన్నా ఎంత పాతదో తెలియాలంటే భీమిలి దారిలోని బావికొండ ఎక్కాలి. 1980ల్లో అక్కడి పురాతన బౌద్ధ విహారం తవ్వకాల్లో అక్షరాలున్న కుండ పెంకులు బయటపడ్డాయి. సింహాచలం అప్పన్నకు చందనోత్సవం రాత్రి గంగధార నీటితో చేసేదీ సహస్ర ఘటాభిషేకమే, అంటే వెయ్యి కుండల అభిషేకమే. పెళ్లంటే మేళతాళాలతో కుమ్మరి ఇంటికెళ్లి అరివేణి కుండలు తెచ్చేవారు. చావు కబురూ ఆ గడపకు చేరేది. అలాంటి ఇంటివాళ్లు ఇవాళ చెరువులు ప్లాట్లయిపోయి మట్టిని ట్రాక్టరు లెక్కన కొనుక్కుంటున్నారు. పది రూపాయల కోసం వాళ్లతో బేరమాడటం నాకు మనసొప్పలేదు.

డబ్బులిస్తుండగా ఒకావిడ వచ్చి వెనక పెట్టిన కుండ చూపించింది. సగం ధరకిమ్మంది.

"అది వద్దు తల్లీ" అన్నాడు పెద్దాయన. "రేపు నీళ్లు కారితే నా సేతిని తిట్టుకుంటారు."

ఇంకో కుండ తీసి, తనే మెటికతో కొట్టి, ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.