రెండు చివర్లూ ఫిక్స్ చేస్తే అది సింప్లీ సపోర్టెడ్ బీమ్ కాదు

2024 ఏప్రిల్ 22 రాత్రి, పాత కరీంనగర్ జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద కడుతున్న బ్రిడ్జి గర్డర్లు ఈదురుగాలికి పడిపోయినయి. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు. ఎందుకు పడ్డాయో తేల్చడం నా పని కాదు. కానీ అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్‌లో సపోర్ట్ పెట్టే ముందు ఒకటే చూసుకుంటున్నా. ఈ బీమ్‌ను ఏ దిక్కు కదలకుండా ఎవరు పట్టుకుంటున్నారు?

రెండు పుస్తకాల మీద స్కేలు పెట్టి మధ్యలో నొక్కండి. స్కేలు వంగుతుంది, చివర్లు కొంచెం తిరుగుతాయి. సింప్లీ సపోర్టెడ్ అంటే ఇదే. కింద ఆనుకుంటుంది, తిరగడానికి అడ్డం ఉండదు.

మనం చేసే తప్పేంటంటే, రెండు చివర్లకూ ఫిక్స్‌డ్ సపోర్ట్ ఇచ్చేస్తాం. 6 మీటర్ల బీమ్, మీటరుకు 10 కిలోన్యూటన్ల లోడు అనుకోండి. అసలు మధ్యలో మూమెంట్ 45 కిలోన్యూటన్ మీటర్లు రావాలి. ఫిక్స్ చేస్తే మధ్యలో 15, చివర్లలో 30 చూపిస్తుంది. వంపు ఐదో వంతే వస్తుంది. "సేఫ్" అనుకుని చిన్న సెక్షన్ పెట్టేస్తాం. సైట్‌లో ఆ చివర్లను బిగబట్టేవాళ్లు ఎవరూ ఉండరు కదా!

స్టాడ్ ప్రోలో ఇట్ల చేయండి. బీమ్ ఎక్స్ దిశలో గీసి, రెండు చివర్లకూ 'ఫిక్స్‌డ్ బట్' తీసుకోండి. అందులో టిక్ పెడితే వదిలేసినట్టు. ఎడమ చివర ఎమ్‌వై, ఎమ్‌జెడ్ వదలండి. కుడి చివర వాటితో పాటు ఎఫ్‌ఎక్స్ కూడా వదలండి, అది రోలర్. ఎమ్‌ఎక్స్ మాత్రం వదలొద్దు, వదిలితే బీమ్ తన చుట్టూ తానే తిరిగిపోయి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టెబిలిటీ వార్నింగ్ ఇస్తుంది. ఆన్సిస్ లాంటి వాటిలో సాలిడ్ మోడల్ అయితే చివరి ముఖం మొత్తం పట్టుకోవద్దు, కింది అంచు గీత ఒక్కటే పట్టుకోండి.

రోలర్ ఎందుకు? ఆదిలాబాద్ చలికాలం, ఎండాకాలం మధ్య 40 డిగ్రీల తేడా అనుకుందాం. 20 మీటర్ల కాంక్రీట్ గర్డర్ దాదాపు ఒక సెంటీమీటర్ సాగుతుంది. ఆ సెంటీమీటర్‌కు జాగా ఇవ్వాలి.

రన్ చేశాక రియాక్షన్లు చూడండి. మన లెక్కలో చెరో వైపు 30 కిలోన్యూటన్లు, చివర్లలో మూమెంట్ సున్నా. అట్ల రాలేదంటే సపోర్ట్ తప్పు.

చివరగా ఒక మాట. ఎఫ్‌జెడ్, ఎమ్‌ఎక్స్ మనం వదలకుండా ఆపితే స్క్రీన్ మీద గర్డర్ పక్కకు పడదు. సైట్‌లో క్రాస్ గర్డర్లు, స్లాబ్ పడేదాకా ఆ పని చేయాల్సింది బ్రేసింగ్. మీరు ఆపిన ప్రతి దిక్కుకూ సైట్‌లో ఒక వస్తువు చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ సపోర్ట్ మోడల్‌లో కూడా ఉండొద్దు.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటా మరి.