బోలు గాజు లోపల ఏముంది?

కర్నూలులో మా ఇంటి గేటు మీద మల్లెతీగ పాకించడానికి ఇనుప కమాను ఒకటి చేయించాలనుకున్నాం. కొలత చెప్పడానికి వీధి చివరి వెల్డింగు షాపుకి వెళ్తే, అక్కడి కుర్రాడు పైపులోకి ఎండు ఇసుక పోస్తున్నాడు. పైపును సుత్తితో తట్టడం, ఇసుక దిగితే మళ్లీ పోయడం. నిండాక రెండు మూతులకూ చెక్క బిరడాలు బిగించాడు.

"ఏం నాయనా, పైపుకు అన్నం పెడుతున్నావా?" అన్నాను.

"కడుపు నిండకపోతే సక్కంగా వంగదక్కా! ఉత్త పైపును వంచితే నడుమ నొక్కుకుపోతాది" అన్నాడు.

ఆ మాటతో నాకు మా అమ్మ చేతి బంగారు గాజులు గుర్తొచ్చాయి. అవీ గొట్టాలే కదా! వాటి కడుపులో ఏముందో తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ముందు ఆ కమాను సంగతి చూద్దాం.

మూడు చక్రాల మధ్య

పైపులు వంచే మిషన్‌లో కింద రెండు చక్రాలు, పైన ఒకటి ఉంటాయి. చక్రాల అంచుల్లో పైపు ఇమిడేలా గాడి ఉంటుంది. గాడి వదులైతే పైపు బల్లపరుపు అవుతుంది. పై చక్రాన్ని మరతో కొంచెం బిగించి పైపును ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపిస్తారు. మళ్లీ కొంచెం బిగిస్తారు. ఒకేసారి బిగించేస్తే కమాను బదులు మడత మిగులుతుంది. వంగిన పైపు వదలగానే కాస్త విచ్చుకుంటుంది కాబట్టి, కావలసినదానికంటే చిటికెడు ఎక్కువే వంచాలి. రెండు చివర్లూ చక్రాలకు అందక తిన్నగానే ఉండిపోతాయి. అందుకే పొడుగు పైపు తీసుకుని ఆ ముక్కలు తర్వాత కోసేస్తారు. కాల్చి వంచే పైపైతే ఇసుకలో చెమ్మ ఉండకూడదు. ఆవిరి పుట్టి బిరడా ఎగిరిపోతుంది.

ఆచారి కుంపటి దగ్గర

నా పుట్టిల్లు ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారానికి పేరుపడి 'రెండో ముంబై' అనిపించుకున్న ఊరు. మా వీధి ఆచారి ఇంటి అరుగు మీద కూచుని గాజులు చేయడం చూస్తూ పెరిగినదాన్ని. మొన్న ఊరెళ్లినప్పుడు ఆ పెద్దాయన్ని అడిగి మరీ తెలుసుకున్నాను.

బంగారాన్ని ముందు పల్చటి రేకుగా సాగదీస్తారు. దాన్ని పట్టీగా కోసి, రాగి కడ్డీ చుట్టూ చుట్టి, కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగితే గొట్టమవుతుంది. అంచుల్ని వెలిగారం, టంకంతో అతుకుతారు. లోపల రాగి ఉండగానే గుండ్రటి కర్ర మీద మెల్లగా వంచుతారు. వంచేకొద్దీ బంగారం గట్టిపడుతుంది. అప్పుడు కుంపట్లో మందంగా ఎర్రబడేదాకా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. వంపు కుదిరాక నత్రికామ్లంలో వేస్తే రాగి కరిగిపోయి, బంగారం మాత్రం మిగులుతుంది. ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ఆఖర్న రెండు చివర్లూ అతికేటప్పుడు సూదిమొనంత రంధ్రం వదులుతారు.

"అదెందుకు?" అన్నాను.

"లోపలి గాలి కాకకు పొంగుతాది పాపా. దానికి దోవ ఇయ్యకుంటే గాజు పగులుతాది" అన్నాడాయన.

రెండో పద్ధతి లక్క. గొట్టాన్ని ముందే కాల్చి మెత్తబరిచి, కరిగిన లక్క పోసి, గోరువెచ్చగా ఉండగా వంచుతారు. ఈ లక్క బయటికి రాదు, గాజులోనే ఉండిపోతుంది. అది మోసమేమీ కాదు. పల్చటి రేకు సొట్ట పడకుండా కాసేది ఆ లక్కే. పెళ్లి ఊరేగింపులో మోగే బ్యాండు బాకాల గొట్టాలకూ ఇదే సూత్రం. కొన్ని దేశాల్లో వాటిలో సబ్బునీళ్లు పోసి, గడ్డకట్టించి, అప్పుడు వంచుతారు!

వంపులో ఇంత కష్టం ఎందుకంటే, రెండుంబావు అంగుళాల గాజు 5 మిల్లీమీటర్ల లావుతో చేస్తే దాని బయటి చుట్టు కొలత లోపలి చుట్టు కంటే 3 సెంటీమీటర్లు ఎక్కువ. తిన్నటి గొట్టం గాజయ్యేలోగా బయటి వైపు అందులో సగం సాగాలి, లోపలి వైపు మిగతా సగం కుంచించుకోవాలి. ఆధారం లేని పల్చటి రేకు అక్కడే ముడత పడుతుంది.

తూకం చెప్పే నిజం

అదే గాజును 22 క్యారెట్లలో గట్టిగా చేస్తే సుమారు 68 గ్రాములు తూగుతుంది. 0.3 మిల్లీమీటర్ల రేకుతో బోలుగా చేస్తే సుమారు 15 గ్రాములే. చూపుకి రెండూ ఒకటే. మధ్యతరగతి ఆడవాళ్లకు నిండైన గాజులు దొరికింది ఈ బోలుతనం వల్లే. దాన్ని తప్పు పట్టను. ఏది బంగారమో, ఏది లక్కో మనకు తెలిస్తే చాలు.

మా అమ్మకి తెలియలేదు. 2002లో కరువొచ్చింది. మరుసటి వేసవిలో నాయన చేలో బోరు వేయించాలన్నాడు. అమ్మ మాట్లాడకుండా గాజులు తీసిచ్చింది. కొన్నప్పటి చీటీలో రెండూ కలిపి 40 గ్రాములని ఉంది. అమ్మబోయిన అంగడిలో కోసి, లక్క కరిగించి తూస్తే 29. పెళ్లినాడు లక్కకీ బంగారం ధరే కట్టారన్నమాట. అంగడివాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు ఉన్నదే తూచారు. అమ్మ ఇంటికొచ్చి, "పదకొండు గ్రాముల లక్కను ఇన్నేండ్లు మోసినానే!" అంది. ఆ డబ్బు చాలక బోరు ఆ ఏడు వేయనేలేదు.

కొనేముందు

• గాజు గట్టిదా, బోలుదా, లక్క పోసిందా అని నోరు తెరిచి అడగండి. మొహమాటం వద్దు.

• బిల్లులో బంగారం నికర బరువు విడిగా రాయించుకోండి. లక్క, రాళ్ల బరువు అందులో కలవకూడదు.

• 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యతోనే హాల్‌మార్కు నగలు అమ్మాలి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. అయితే హాల్‌మార్కు చెప్పేది స్వచ్ఛత. రేకు మందం చెప్పదు.

• బోలు గాజులు పనిపాటల్లో వేసుకోవద్దు. సొట్ట తీయడం కష్టం.

• లక్క గాజుల్ని మరిగే నీళ్లలో వేసి కడగకండి. అతుకు వేయించాల్సి వస్తే లోపల లక్క ఉందని ముందే చెప్పండి.

వారం తర్వాత మా కమాను సిద్ధమైంది. కుర్రాడు బిరడాలు ఊడగొట్టి పైపును ఎత్తిపట్టాడు. ఇసుకంతా జరజరా బకెట్లోకి రాలింది. మళ్లీ ఇంకో పైపుకి పనికొస్తుందట. డబ్బులిస్తుంటే నవ్వుతూ అన్నాడు:

"ఇసుకకు రేటు ఏయలేదులే అక్కా, పైపుకు మాత్రమే!"

వాడు తమాషాకే అన్నాడు. నేను మాత్రం ఆ సాయంత్రం ఫోన్ చేసి అమ్మకి ఆ మాట చెప్పాను.