దర్వాజ వేరు, తలుపు వేరు

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను కంప్యూటర్‌లో చేసిన ఒక చిన్న 'ఫిక్స్' వల్ల మా నానమ్మ తన బాత్రూంలోకి వెళ్లలేకపోయేది. దాన్ని ఆపింది రెంజల్‌లో దర్వాజలు చేసే ఒక పెద్దాయన అడిగిన ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న దాకా వెళ్లాలంటే ముందు ఇళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం చెప్పాలి.

రెంజల్‌లో మా చిన్నాన్న వాళ్లు ఇల్లు కడుతున్నారు. ప్లాన్ గీసింది మా అక్క, అంటే చిన్నాన్న కూతురు. సివిల్ చదివింది, ఇది తన మొదటి సొంత ప్రాజెక్ట్. తను వాడేది రెవిట్. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో తలుపు బొమ్మ ఎవరూ గీయరు. రెడీమేడ్ తలుపును తెచ్చి గోడలో పెడతారు. దాన్ని ఫ్యామిలీ అంటారు. (ఈ పేరు ఎవరు పెట్టారో గానీ ఇంట్లో వాళ్లకి వివరించడం చాలా కష్టం.) మన భాషలో చెప్పాలంటే అదొక క్లాస్. వెడల్పు, ఎత్తు, మెటీరియల్ దాని ప్రాపర్టీస్, అక్కడ వాటిని పారామీటర్లు అంటారు. గోడలో పెట్టిన ప్రతి తలుపూ ఒక ఆబ్జెక్ట్. అన్నీ పెట్టాక షెడ్యూల్ అనే టేబుల్ అడిగితే ఎన్ని తలుపులు, ఏ సైజు అని సాఫ్ట్‌వేరే లెక్క కట్టి ఇస్తుంది. వడ్లాయన చేతికి వెళ్లేది ఆ కాగితమే.

అక్క షెడ్యూల్‌లో పద్నాలుగు తలుపులున్నాయి. అందులో అయిదింటికి వెడల్పు గడి ఖాళీ. స్క్రీన్ మీద తలుపు చక్కగా కనిపిస్తోంది, టేబుల్‌లో మాత్రం ఏమీ లేదు. "నువ్వు కంప్యూటర్స్ కదా, చూడు" అని లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

ఆ అయిదూ యూరప్‌లోని ఒక తలుపుల కంపెనీ ఉచితంగా ఇచ్చిన లైబ్రరీ నుంచి దింపుకున్నవి. రెవిట్‌లో రెండు రకాల పారామీటర్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే బిల్టిన్‌వి ఒక రకం. వీటికి లోపల ఒక స్థిరమైన గుర్తింపు ఉంటుంది, పైన కనిపించే పేరు మాత్రం భాషను బట్టి మారుతుంది. ఇంగ్లిష్ రెవిట్‌లో 'విడ్త్' అని కనిపించేదే జర్మన్ రెవిట్‌లో 'బ్రైటె' అని కనిపిస్తుంది. రెండో రకం, ఫ్యామిలీ తయారుచేసిన మనిషి తన చేత్తో రాసుకున్నవి. ఇవి ఏ దేశం వెళ్లినా ఆ మనిషి టైప్ చేసిన అక్షరాలతోనే ఉంటాయి. ఈ కంపెనీ వాళ్లు బిల్టిన్ వెడల్పును వదిలేసి సొంతంగా 'రోబౌబ్రైటె' అనే పారామీటర్ పెట్టుకున్నారు. అక్క షెడ్యూలేమో 'విడ్త్' కోసం వెతుకుతోంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి ఖాళీ.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన జబ్బే. పేరుని తాళంచెవిలా వాడితే ఇలాగే అవుతుంది. రెవిట్ ఏపీఐతో రాసే స్క్రిప్టుల్లోనూ ఇదే తంతు. పారామీటర్‌ని 'విడ్త్' అన్న పేరుతో వెతికే కోడ్ హైదరాబాద్‌లో నడుస్తుంది, బెర్లిన్‌లో ఆగిపోతుంది. అదే బిల్టిన్ గుర్తింపుతో వెతికితే రెండు చోట్లా నడుస్తుంది. ఆటోక్యాడ్ వాళ్లు దీనికి ఒక ముచ్చటైన ఉపాయం పెట్టారు. జర్మన్ ఆటోక్యాడ్‌లో గీత గీసే కమాండ్ 'లీనియె'. కానీ ఇంగ్లిష్ 'లైన్' ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టి కొడితే ఏ భాష వెర్షన్ అయినా అర్థం చేసుకుంటుంది.

పోనీ బిల్టిన్ వదిలేసి షేర్డ్ పారామీటర్లు వాడుకుందామా అంటే, వాటికి ఇంకో తిరకాసు. వాటికి జీయూఐడీ అనే 128 బిట్ల నంబర్ ఉంటుంది. ఇద్దరు వేర్వేరుగా 'వెడల్పు' అనే షేర్డ్ పారామీటర్ తయారుచేస్తే, పేరు ఒకటే అయినా నంబర్లు వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కలో అవి రెండు వేర్వేరు విషయాలు. మా మండలంలోని కందకుర్తి దగ్గర గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. మంజీరని మరాఠీలో మాంజరా అంటారు. పేర్లు రెండు, నది ఒకటి. షేర్డ్ పారామీటర్లది దీనికి తలకిందుల కథ: ఒకే పేరు, నదులు రెండు.

నాకు బాగా నచ్చింది, కొంచెం కోపం కూడా తెప్పించింది కొలతల సంగతి. రెవిట్‌లో మీరు మిల్లీమీటర్లలో పని చేయండి, మీటర్లలో చేయండి, లోపల మాత్రం పొడవులన్నీ ఫీట్లలోనే దాచుకుంటుంది. మన మేస్త్రీల లాగే! మనకి చూపించేటప్పుడు మనం అడిగిన కొలతలోకి మారుస్తుంది. అంటే లోపలి విలువ వేరు, పైకి కనిపించే రూపం వేరు అన్న తెలివి కొలతల దగ్గర ఎప్పుడో వచ్చింది. చేత్తో రాసిన పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైందో!

సరే, నా ఫిక్స్. 'బ్రైటె' అంటే వెడల్పు అని నెట్‌లో చూశాను. ఫ్యామిలీ తెరిచి, 'విడ్త్'కి ఫార్ములా గడిలో 'రోబౌబ్రైటె' అని రాశాను. అయిదు గడులూ నిండాయి. బాత్రూం తలుపుకి 750 మిల్లీమీటర్లు అని వచ్చింది. ఫీట్లలోకి మార్చి, రెండు ఫీట్ల అయిదున్నర ఇంచులని రాసి ప్రింట్ తీశాం. ఆ రాత్రి నేను చాలా గొప్పగా ఫీలయ్యాను.

మర్నాడు వడ్లాయన కాగితం చూసి అడిగాడు: "గిది చౌకట్ బయటి కొలతనా, లోపటిదా, తలుపు రెక్కదా బిడ్డా? దర్వాజ వేరే, తలుపు వేరే. దర్వాజ ఇప్పుడు నిలవెడ్తం, తలుపు గృహప్రవేశం ముంగట పెడ్తం. గీ కాయితంల రెండు కలిపి ఒక్కటే రాసినవ్."

నేను ఇంగ్లిష్ మీడియం. చౌకట్ అన్న మాట ఇంట్లో వంద సార్లు విన్నాను, దాన్ని 'ఫ్రేమ్'కి కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. మా వైపు దర్వాజ అంటే ముందుగా ఆ కర్ర చట్రమే. దానికి పసుపు కుంకుమ పెట్టి, పూజ చేసి నిలబెడతారు. తలుపు రెక్క నెలల తర్వాత వస్తుంది. చేసే రోజు వేరు, కొలత వేరు, డబ్బులిచ్చే లెక్క కూడా వేరు. లైబ్రరీలో మాత్రం రెండూ కలిసి 'డోర్' అనే ఒక్క వస్తువు.

ఇంటికొచ్చి ఆ జర్మన్ మాట మొత్తం చూశాను. 'రోబౌ' అంటే ప్లాస్టరింగ్ గట్రా కాకముందు ఉండే వట్టి కట్టడం. అంటే 750 అనేది గోడలో వదలాల్సిన సందు. జర్మన్ ప్రమాణాల్లో 750 సందుకి వచ్చే తలుపు రెక్క 735. అక్కడి సన్నని స్టీల్ ఫ్రేమ్ పెడితే మనిషి దాటడానికి దాదాపు 27 ఇంచులు మిగులుతుంది. మా దగ్గర అదే 750ని చౌకట్ బయటి కొలత అనుకుంటే? ఒక్కో పక్క కర్ర మూడు ఇంచులు. రెండు పక్కలా తీసేస్తే మిగిలేది ఇరవై మూడున్నర. తుంటి ఆపరేషన్ తర్వాత నానమ్మ వాడుతున్న చక్రాల కుర్చీ వెడల్పు టేపుతో కొలిచాను. ఇరవై అయిదు.

ఖాళీ గడి ఉన్నన్నాళ్లూ తప్పు కనిపిస్తూనే ఉంది. నేను అనువాదం చేసి దాన్ని దాచేశాను. సమాధానం 'రోబౌ' అన్న ముక్కలోనే ఉంది, నేను పారేసింది సరిగ్గా ఆ ముక్కనే.

దీనికి మందు లేదా అంటే, సగం ఉంది. వేర్వేరు సాఫ్ట్‌వేర్లు బిల్డింగ్ మోడల్స్‌ని ఇచ్చిపుచ్చుకోవడానికి ఐఎఫ్‌సీ అనే ఫార్మాట్ ఉంది. 2013లో ఐఎస్ఓ 16739గా ప్రమాణం అయింది. అందులో ప్రతి వస్తువుకీ 22 అక్షరాల గుర్తింపు ఉంటుంది. తలుపు చట్రానికి, రెక్కకి వేర్వేరు ప్రాపర్టీలు రాసుకునే వీలుంది, అంటే మా వడ్లాయన చెప్పిన తేడా దానికి తెలుసు. ఐఎఫ్‌సీని నడిపే బిల్డింగ్‌స్మార్ట్ సంస్థకి ఒక డేటా డిక్షనరీ కూడా ఉంది. అందులో ప్రతి భావానికీ ఒక స్థిరమైన చిరునామా, ఒక నిర్వచనం, వాటి కింద వేర్వేరు భాషల్లో పేర్లు పెట్టుకోవచ్చు. నిర్వచనం ముందు, పేరు తర్వాత. నేను తలకిందులుగా చేసింది ఇదే.

మిగతా సగం మన వైపు నుంచి రావాలి. రెవిట్ వచ్చే భాషల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు. తెలుగు అక్షరాలు టైప్ చేయడానికి అడ్డేమీ లేదు, యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. కానీ ఏ తెలుగు మాట రాయాలి? మా సైట్‌లో సజ్జ, దర్వాజ ఉర్దూ వైపు నుంచి వచ్చినవి, స్లాబు ఇంగ్లిష్, గడప తెలుగు. కోస్తా వైపు దర్వాజని ద్వారబంధం అంటారు. ఒక్క 'తెలుగు' కాలమ్ పెడితే సరిపోదు.

ఇలాంటి పని మన వాళ్లు కంప్యూటర్ లేకుండానే చేశారని ఈ మధ్యే తెలిసింది. మాండలిక వృత్తి పదకోశాల వరసలో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. ఇళ్లు కట్టేవాళ్ల మాటలతో వాస్తు పదకోశాన్ని బూదరాజు రాధాకృష్ణ గారు కూర్చారు. పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో సేకరించి పెట్టారు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే, ఒక భావానికి ప్రాంతాల వారీగా అనేక పేర్లు. అంత పని అయిపోయి ఉంటే నేను నెట్‌లో 'బ్రైటె' వెతుక్కుంటూ కూర్చున్నాను.

అక్క, నేను కలిసి ఆ ఫ్యామిలీలో 'విడ్త్' ఫార్ములా తీసేశాం. దాని బదులు మూడు షేర్డ్ పారామీటర్లు పెట్టాం: చౌకట్ బయటి కొలత, చౌకట్ లోపటి కొలత, తలుపు రెక్క కొలత. పేర్లు వడ్లాయన చెప్పినవే, తెలుగు లిపిలోనే. ఒక్కోదానికి వివరణ గడిలో ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో ఒక వాక్యం రాశాం. షెడ్యూల్‌లో దర్వాజలకి ఒక టేబుల్, తలుపులకి ఇంకో టేబుల్. బాత్రూంకి లోపటి కొలత 32 ఇంచులు పెట్టాం.

కొత్త కాగితం చూసి వడ్లాయన ఏమీ అడగలేదు. చెవి మీది పెన్సిల్ తీసి కర్ర మీద గీత పెట్టాడు.