రొయ్యల యిగురు: ఇంట త్వరగా వండుకొను విధము

భీమవరము ప్రాంతపు గ్రామములలో మేము సంచరించునపుడు ఒక వింత కానవచ్చుచున్నది. పట్టుబడి దినమున రొయ్యలన్నియు మంచుపెట్టెల కెక్కి లారీలలో ఎగుమతికి వెడలిపోవును. రాత్రులు మేలుకొని ఆ చెరువును కాచిన రైతు ఇంట మాత్రము పప్పుచారే. కారణమడిగినచో, రొయ్యలను బాగుచేయుట పెద్దపనియనియు, వండిన గట్టిపడుననియు ఇల్లాండ్రు చెప్పుదురు. మొదటి మాట సగము నిజము. రెండవది వంటలోని పొరపాటు.

మన రొయ్య ధర విదేశపు బేరముపై ఆధారపడియున్నది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు ఆ దెబ్బ మన చెరువుగట్లమీదను పడెను. ఇంటిపొయ్యి ఆ లోటును పూడ్చజాలదు. అయినను నూరు గ్రాముల రొయ్యకండలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండగా, ఎదుగు పిల్లలుగల ఇంటిలో ఒక కిలోయైనను మిగుల్చుకొనకుండుట మాకు న్యాయముగా తోచదు.

కిలోకు ముప్పది తూగు 30 కౌంటు రొయ్యను అంగడికే పంపుడు. ఇంటికి 60, 70 కౌంటు చాలును. ఇగురు చిన్నరొయ్యకే బాగుగా పట్టును. పెంకు మెరయుచు, తల మొండెమును గట్టిగా అంటియున్నది తాజా రొయ్య. తలలోని జీర్ణరసములు చచ్చిన పిమ్మట కండను కరగించును గనుక, ఇంటికి తెచ్చినవెంటనే తలలు త్రుంచి తక్కినదానిని మంచులో నుంచవలెను. పిమ్మట కాళ్లవైపునుండి పెంకొలిచి, వీపు చీల్చి, నల్లని దారమువంటి దానిని తీయవలెను. దానిని నరమందురు గాని అది ప్రేగు. కిలోకు సుమారు అరకిలో కండ వచ్చును. ఇద్దరు కూర్చున్నచో పావుగంట పని.

ఆ అరకిలో కండకు అరచెంచా ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి, నీరు పోయక మూకుడులో రెండు నిమిషములు వేడిచేయవలెను. రొయ్యలు నీరు విడిచి ఎఱ్ఱబారును. ఆ యెరుపు క్రొత్తగా వచ్చినది కాదు. మాంసకృత్తుతో పెనవేసుకొని దాగియున్న రంగు వేడిచే విడివడి కనబడును. అప్పుడు రొయ్యలను పళ్లెములోనికి తీసి, ఊరిన నీటిని వేరుగా నుంచవలెను. దానిని పారబోయు ఇండ్లు పెక్కు చూచితిమి. రుచియంతయు అందులోనే యున్నది.

అదే మూకుడులో నాలుగు చెంచాల నూనె కాచి, సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి ఎఱ్ఱగా వేచవలెను. తొందరపడవలసిన చోటు ఇది కాదు. అల్లము వెల్లుల్లి ముద్ద చెంచాడు, కారము చెంచాన్నర, ధనియాలపొడి చెంచాడు, ఒక టమాటా చేర్చి, ఊరిన నీటిని పోసి, నూనె పైకి తేలువరకు మగ్గనీయవలెను. చింతచిగురు దొరకు దినములలో టమాటా మాని, పిడికెడు చిగురును అరచేతుల నలిపి వేయుడు. మా ఓటు దీనికే. అప్పుడు రొయ్యలను మరల వేసి, మూడు నిమిషములుంచి, కొత్తిమీర చల్లి దింపవలెను.

దింపుటకు గురుతు చెప్పెదము. రొయ్య అరసున్నవలె వంగినచో ఉడికినది. నిండుసున్నగా చుట్టుకొన్నచో మించినది. మేకమాంసమునందువలె మెత్తబరుపవలసిన పీచు ఇందు స్వల్పము. వేడి హెచ్చినకొలది కండ ముడుచుకొని తనలోని నీటిని పిండివేయును. మేమును మొదటిసారి వేటమాంసపు లెక్కన అరగంట ఉడికించితిమి. మా ఇంటివారు మర్యాదకు నమలిరి.

కొందరి ఒంటికి రొయ్య పడదు. దద్దురులు, పెదవుల వాపు కలిగినవారు మరల తినరాదు. ఊపిరాడకున్న వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. కూరను ఆపూటకే వండుకొనుడు, మరల కాచిన గట్టిపడును.

ఒలిచిన తలలు, పెంకులు, కడిగిన నీరు చెరువులోగాని కాలువలోగాని వేయరాదు. తెల్లమచ్చల తెగులు క్రిములు వానిలోనుండి వ్యాపింపగలవు. దూరముగా గొయ్యితీసి, సున్నము చల్లి, కుక్కలును కాకులును పెకలింపకుండ లోతుగా పూడ్చవలెను.