మైసమ్మకు మ్రొక్కి, పైకప్పు తట్టి

గోదావరిఖనిలో వృద్ధుడైన గనికార్మికుడు కాలధర్మము నొందినచో, దశదినకర్మ నాటికి ఇంటివారు పెట్టించు ఫ్లెక్సీమీద ‘కష్టజీవి, దైవభక్తుడు, కుటుంబమే లోకముగా బ్రతికినవాడు’ అను ప్రశంసలు కానవచ్చును. పోయినవారిని గూర్చి మంచియే పలుకుట లోకాచారము గావున, బాటసారి వానిని చదివియు చదువనట్లే సాగిపోవును. కాని 1960ల నుండి ఇచట బావులు తెరువబడుచుండగా, చుట్టుపట్ల జిల్లాలలోని పల్లెలనుండి, పొలము చాలకయు వానను నమ్మలేకయు వచ్చి, సింగరేణి మస్టరులో పేరెక్కించుకొన్న తొలితరమువారి బ్రతుకు నెరిగినవారికి ఆ గుణములు వేర్వేరుగా తోపవు.

సంస్థ చరిత్ర పెద్దదే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరములందు బొగ్గుజాడ కనుగొనుటయు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుటయు, 1945లో అది నిజాము ప్రభుత్వము చేతికి వచ్చుటయు చదువుకొన్నవారు ఎరిగినవే. బావిలోపలి పని మాత్రము దిగినవారికి గాని తెలియదు.

బొగ్గుగోడకు రంధ్రములు తొలిచి మందుగూరి పేల్చిన పిమ్మట, పొగ తగ్గిన తోడనే బొగ్గు నింపు ఫిల్లరు తట్టయు, చెమ్మాసను పారయు బట్టుకొని ముందునకు నడచి, కూలిన బొగ్గును తట్టకెత్తి టబ్బులో నింపవలెను. నెత్తిమీది దీపము పడినంత మేరయే వెలుగు. తక్కినదంతయు చీకటి, చెమట, దుమ్ము. అట్టిచోట అనుభవశాలియగు కార్మికుడు పనికి పూనుకొనుటకు ముందు పైకప్పును కడ్డీతో తట్టి చూచెడివాడు. గట్టికప్పు ఖంగుమని పలుకును. పొర విడినది డొల్లగా మ్రోగును. ఆనికకు నిలిపిన కర్రలు కిరకిరలాడిన క్షణమున నిండని టబ్బును, రావలసిన కూలిని మరచి వెనుకకు దుముకుట ఆయన నేర్చిన విద్యలలో మొదటిది. పర్యవేక్షకుడగు సర్దారు ముందే పరీక్షించి పోయినను తాను మరల తట్టనిదే చెమ్మాసు ఎత్తెడివాడు కాడు.

ఆ మనుష్యుడే బావిలోనికి దిగుటకు ముందు, మొగదల వెలసిన మైసమ్మ గుడియెదుట ఆగి, చేయెత్తి మ్రొక్కి, నొసట ఇంత కుంకుమ దిద్దుకొని పోయెడివాడు. క్రైస్తవులు ఏసుప్రభువును, ముసల్మానులు అల్లాను తలచుకొని దిగెడివారు. బావి అందరికిని ఒకటే గదా! దేవత మీద భారము వైచి చేతులు ముడుచుకొనుటయే భక్తియని తలచు పండితులకు ఈ మ్రొక్కు మూఢాచారముగా తోచవచ్చును. నాకు మాత్రము దిగుటకు ముందటి కుంకుమయు, దిగిన పిమ్మటి కడ్డీదెబ్బయు ఒకే జాగరూకతకు చెందినవిగా కనబడును. తాను తిరిగి రాకపోయినచో క్వార్టరులో ఎందరు పస్తుండవలెనో లెక్క తెలిసినవాని భయమే ఒకచోట మ్రొక్కుగను, ఒకచోట దెబ్బగను వెలువడెను.

ఆ జాగరూకత అన్నిటను రక్షింపలేదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఇపి గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు జలసమాధి యైరి. రాతికప్పు ముందుగా పలికి చెప్పునట్లు నీరు చెప్పదు.

జీతపు దినమున గేటువద్ద వడ్డీవ్యాపారి ఒకవైపు, సారాకొట్టు మరొకవైపు కాచుకొనియుండగా, ఆ రెండింటిని దాటి సొమ్మును భార్యచేతిలో పెట్టినవాడే ఇచట సంసారపక్షపు మనిషి. ఆయన సెలవులకును లెక్క యుండెడిది. భూగర్భమున ఏడాదిలో 190 మస్టర్లు, అనగా హాజరులు, పడిననే, పదునైదు మస్టర్లకొక దినము చొప్పున వేతనముతో కూడిన సెలవు లభించెడిది. ఆ సెలవులనే పొదుపుగా దాచి వేములవాడ రాజన్నకు ఒకటి, కొండగట్టు అంజన్నకు ఒకటి, రెండేండ్లకొకమారు మేడారము జాతరకు ఎడ్లబండికో లారీకో సరిపడునన్ని కేటాయించెడివాడు. అయ్యప్పమాల వేసికొన్న ఏడు రాత్రిషిఫ్టు దిగివచ్చి, మార్గశిరపు చలిలో ఒంటిమీది బొగ్గంతయు వదలువరకు చన్నీళ్లు పోసికొని, మరల నల్లబట్టలే కట్టెడివాడు. ఇది చూచి పిల్లలు నవ్వెడివారు.

క్రమముగా బొగ్గెత్తు ఎస్‌డీఎల్ యంత్రములు వచ్చి తట్టాచెమ్మాసులను తొలగించెను; ఓపెన్‌కాస్టులు పెరిగి బావులు తగ్గెను. తన కొలువు కొడుకునకు దక్కవలెనను ఆశ మాత్రము ఆయనను విడువలేదు. వారసత్వ ఉద్యోగముల పథకమును 2017లో హైకోర్టు కొట్టివేసిన దినమున కార్మికవాడలలో కలిగిన నిరాశ ఇంతంత కాదు. పిమ్మట వైద్యకారణములచే పని చేయలేనివారి పిల్లలకు కారుణ్య నియామకములు వచ్చినవి గాని, ఆరోగ్యముగా పదవీవిరమణ చేసినవాని కొడుకునకు ఆ ద్వారము మూసియే యున్నది. తుదివరకు ఒంటిని కాపాడుకొన్నందుకు ఇట్టి ఫలము!

1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకములో మరియొక వింత గలదు. పింఛను ఒకమారు నిర్ణయమైన పిదప ధరలతోపాటు పెరుగదు. బియ్యము, మందులు, కరెంటు బిల్లు ఎంత పెరిగినను, పదవీవిరమణనాటి జీతము మీద కట్టిన మొత్తమే నడచుచుండును. ఆయన పోయిన పిమ్మట భార్యకు వచ్చునది అందులోను కొంత భాగమే. దీనిని సవరింపుమని వృద్ధులు యూనియను ఆఫీసుల చుట్టు ఇప్పటికిని తిరుగుచునే యున్నారు.